మొదటి చెక్క ఓడ కిట్టు: ఏది తీసుకోవాలి? మన తేమకి తట్టుకుంటుందా?

అమలాపురం_చెక్కపని:
ప్లాస్టిక్ కిట్లు అలవాటే, చెక్క కొత్త. మనసు మాత్రం విక్టరీ (పాతకాలం బ్రిటిష్ యుద్ధనౌక) మీదుంది. వానాకాలంలో మన తలుపులే ఉబ్బి బిగుసుకుపోతాయి, మరి ఓడ ఒంటికి అంటించే ఈ 1.5 మి.మీ. మందం చెక్కపట్టీల సంగతేంటి? జిగురు ఏది వాడాలి?

యానాం_తెరచాప:
విక్టరీ ఇప్పుడే వద్దండీ. 104 ఫిరంగులు, మూడు స్తంభాలు, వాటి తాళ్లు... చేసిన పనే చేస్తూ ఉండాలి, సగంలో అటకెక్కేది అందుకే. మోడల్ షిప్‌వేస్ అనే కిట్ల కంపెనీ వాళ్లవి నేర్చుకునేవాళ్ల కోసమే మూడు చిన్న పడవలున్నాయి: 1:24 (అసలు పడవలో 24వ వంతు) డోరీ, 1:12 నార్వే ప్రామ్, 1:24 లాబ్‌స్టర్ స్మాక్. ఆ వరసలోనే వెళ్లండి.

పెట్టె విప్పగానే కీల్ (ఓడ వెన్నెముక) ప్లైవుడ్డుని గాజుపలక మీద పెట్టి చూడండి. వంగి ఉంటే కాస్త తడిపి, చదునైన రెండు బల్లల మధ్య బరువేసి పూర్తిగా ఆరనివ్వండి. బల్క్‌హెడ్లు (కీల్‌కి అడ్డంగా నిలబెట్టే పక్కటెముకల్లాంటి పలకలు) అంటించాక ఆ వంకర తీయడం ఎవరి తరమూ కాదు.

తాళ్లరేవు_బాడిస:
పట్టీలు వేసేముందు బల్క్‌హెడ్ల అంచులు ఏటవాలుగా అరగదీయాలి. ఒక పట్టీ ముందునుంచి వెనక్కి పెట్టి చూడండి, ప్రతి అంచుకీ పూర్తిగా ఆనాలి. ఒక మూలే తగిలితే ఇంకా అరగాలి.

తర్వాత లెక్క. నడిమి బల్క్‌హెడ్డు చుట్టుకొలత కాగితం ముక్కతో తీయండి. ఒక పక్క 90 మి.మీ. ఉంటే, 5 మి.మీ. పట్టీలు 18. ముక్కు దగ్గర 54 మి.మీ.యే ఉంటే ఒక్కోటి 3 మి.మీ.కి సన్నం చేయాలి. సగం వెడల్పుకన్నా తగ్గించొద్దు, అంతకన్నా సన్నమైతే అక్కడ ఒక పట్టీ ఆపేయడమే మేలు. సన్నం చేయకుండా బలవంతంగా పక్కకి వంచితే అంచు పైకి లేస్తుంది. ఆయ్, కొత్తవాళ్ల ఓడల్లో ముక్కు దగ్గర మెట్లు కనిపించేది ఇందుకే.

యానాం_తెరచాప:
వంచడానికి నీళ్లలో నానబెట్టిన పట్టీ తడిగా ఉండగానే అంటించొద్దు. ఆరాక కుంచించుకుని సందులు పడతాయి. వంచి క్లిప్పులు పెట్టి, రాత్రంతా ఫ్యాను కింద ఉంచి, పొద్దున అంటించండి.

తాళ్లరేవు_బాడిస:
జిగురు విషయంలో నా ఓటు ఫెవికాల్‌కే. జరిపి సర్దుకునే వీలుంటుంది. సూపర్‌గ్లూ తేమలో ఇంకా తొందరగా పట్టేస్తుంది, చుట్టూ తెల్లటి పొర కడుతుంది, పైగా ఒలికినచోట చెక్క రంగు తీసుకోదు.

యానాం_తెరచాప:
ముక్కు దగ్గర పట్టి ఉంచడానికి ఒక్క చుక్క సూపర్‌గ్లూ తప్పదండీ, మిగతాదంతా ఫెవికాలే. తాళ్లకి మాత్రం కిట్టులోని నూలు పక్కనపెట్టి పాలిస్టర్ దారం వాడండి. నూలు చెమ్మకి బిగుసుకుని ఎండకి వదులవుతుంది. సన్నటి స్తంభాలు ఆ లాగుడికే వంగిపోతాయి.