అప్‌డేట్: మా సంఘం తరఫున బడిపిల్లలకు చేయదలచిన సాయం గురించి

బడులు తెరిచేలోగా మా చర్చి పరిసరాల్లోని ముప్పై నాలుగు పేద కుటుంబాలకు, ఉన్న కొద్దిపాటి కానుకల సొమ్ముతో ఏమి కొనిస్తే మేలని మే నెలలో ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ వందనాలు.

సంచులు, నోటు పుస్తకాలు టోకున ఎక్కడ దొరుకుతాయన్న చర్చ చివరికి అవసరపడలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో సంచి, బూట్లు, పుస్తకాలు, మూడు జతల యూనిఫాం గుడ్డ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే విద్యార్థి మిత్ర కిట్టులోనే వస్తాయని ప్రధానోపాధ్యాయురాలు చెప్పారు. ముందే ఆమెను అడగకపోవడం మా తొందరపాటే.

పనికొచ్చింది "ముందు కాగితాలు చూడండి" అన్న సలహా. పిల్లలను బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం సొమ్ము, తల్లి ఆధార్‌తో ఎన్‌పీసీఐలో (బ్యాంకు చెల్లింపులు నడిపే జాతీయ సంస్థ) అనుసంధానమైన ఖాతాకే జమవుతుంది కనుక, ఆ అనుసంధానం లేని తొమ్మిది మంది తల్లులను మా యువజనులు బ్యాంకుకు వెంటబెట్టుకుని వెళ్లారు; ఐదేళ్లు నిండిన పిల్లలకు ఆధార్‌లో వేలిముద్రలు, కనుపాపల నమోదు కూడా చేయించారు. ఐదు నుంచి ఏడేళ్ల లోపు అది ఉచితం.

మిగిలిన సొమ్ము యూనిఫాం కుట్టుకూలికి సరిపోయింది. సంఘంలోనే కుట్టుపని తెలిసిన ఇద్దరు అక్కలు సగం కూలికే కుట్టిపెట్టారు. ఒక ఖాతా మాత్రం పేరులో తేడా వల్ల ఇంకా తేలలేదు.