నిరూపితమైన చికిత్స రోగికి చేరడానికి ఇంత కాలం ఎందుకు పడుతుంది?

ప్రశ్న: నెలలు నిండకముందే కాన్పయ్యే ప్రమాదమున్న గర్భిణులకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే శిశువుకు శ్వాస ఇబ్బంది తగ్గుతుందని న్యూజిలాండ్‌లో లిగిన్స్, హౌవీ అనే వైద్యులు 1972లోనే చూపించారు. అయినా అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సదస్సు దాన్ని విస్తృతంగా సిఫారసు చేసింది 1994లో. ఇది వైద్యుల అలసత్వమేనా?

జవాబు 1: అలసత్వం ఒక్కటే అనలేమండి. తరువాత రోగులపై ఈ చికిత్సను పరీక్షించిన చిన్న అధ్యయనాల్లో (ట్రయల్స్) చాలావాటిని విడివిడిగా చూస్తే ఫలితం తేలినట్టు కనిపించదు. అన్నిటినీ కలిపి విశ్లేషించాకే ప్రయోజనం స్పష్టమైంది. ఇలా వైద్య అధ్యయనాలను కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ చిహ్నంలో కనిపించే గీతలు ఈ చికిత్సపై జరిగిన ట్రయల్స్ ఫలితాలను సూచించేవే.

జవాబు 2: ఆలస్యం కన్నా తొందరపాటు గురించి ఎక్కువ ఆలోచించాలని నా అభిప్రాయం. ఆరు దేశాల్లో, ఎక్కువగా గ్రామీణ ప్రాంతాల్లో, ఈ ఇంజెక్షన్ల వాడకాన్ని పెంచి చూసిన అధ్యయనం 2015లో ప్రచురితమైంది. అక్కడ నవజాత శిశు మరణాలు మొత్తం మీద తగ్గకపోగా పెరిగాయి. ఇంజెక్షన్ తీసుకున్నవారిలో చాలామందికి కాన్పు నెలలు నిండాకే అయింది, తల్లుల్లో ఇన్‌ఫెక్షన్ల అనుమానమూ పెరిగింది. గర్భవయసును స్కానింగ్‌తో నిర్ధారించి, నవజాత శిశు సంరక్షణ ఉన్న ఆసుపత్రుల్లోనే ఇచ్చిన మరో ట్రయల్‌లో, 2020 నాటికి, మరణాలు తగ్గినట్టు తేలింది. మందు అదే, మారింది చుట్టూ ఉన్న వ్యవస్థ.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు. అయితే కొత్త చోట మొదలుపెట్టేటప్పుడు ముందుగా ఏం నమోదు చేయాలి?

జవాబు 2: ఎన్నో వారంలో ఇచ్చారు, కాన్పు ఎన్నో వారంలో అయింది, తల్లికి జ్వరం వచ్చిందా అన్న మూడూ తప్పనిసరి. ఎన్ని ఇంజెక్షన్లు వాడారన్న లెక్క ఒక్కదానితో ఏమీ తెలియదు.