పాడేవాళ్ల మెడ, భుజాల బిగువు తెలిసిన ఫిజియోథెరపిస్టులు చెన్నైలో ఉన్నారా?

నమస్కారమండీ. మా అక్క మైలాపూర్‌లో కర్ణాటక సంగీతం పాడుతుంది, పిల్లలకు నేర్పుతుంది. కొన్నాళ్లుగా తారస్థాయి గాంధారం (పైస్థాయి ‘గ’ స్వరం) దాటితే గొంతు బిగుసుకుపోతోంది. ఈఎన్‌టీ డాక్టరు స్ట్రోబోస్కోపీ (స్వరతంత్రుల కదలికను కెమెరాతో చూసే పరీక్ష) చేసి, నాడ్యూల్స్ (స్వరతంత్రుల మీద వచ్చే చిన్న బుడిపెలు) లేవు, స్వరపేటిక చుట్టూ కండరాలు బిగపట్టడం వల్లే ఇదంతా అన్నారు. గొంతుకి రెస్ట్ ఇమ్మన్నారు. రెస్ట్ ఇస్తే పాఠాలెవరు చెప్తారు!

స్పీచ్ థెరపిస్టు నీళ్ల గ్లాసులో స్ట్రా పెట్టి, బుడగలు వచ్చేలా ఊదుతూనే స్వరం పలికే అభ్యాసం ఇచ్చారు. దాంతో కాస్త తేలికపడింది. కానీ పక్కన కూర్చుని చూస్తే నాకు వేరే సంగతి కనిపిస్తోంది. పైస్థాయికి వెళ్లినప్పుడల్లా గడ్డం ముందుకొస్తుంది, కుడి భుజం చెవిదాకా లేస్తుంది. గంటల తరబడి బాసింపట్టు వేసుకుని కూర్చోవడం కూడా కారణమేమో.

స్వరపేటిక చుట్టూ చేత్తో సున్నితంగా నొక్కి కండరాలు వదులు చేసే థెరపీ, లేదా అలెగ్జాండర్ టెక్నిక్ (ఒళ్లు బిగపట్టకుండా కూర్చోవడం, కదలడం నేర్పే పద్ధతి) ఎవరైనా చేయించుకున్నారా? పాడేటప్పుడు తేడా తెలిసిందా? స్పీచ్ థెరపీతో కలిపి చేయించవచ్చా? మార్గళి (డిసెంబరు-జనవరి) కచేరీలు దగ్గరపడుతున్నాయి, ఇంట్లో అందరికీ టెన్షన్. మిరియాల కషాయం సలహాలు బోలెడొచ్చాయి, దయచేసి అవి మాత్రం వద్దు.