అమ్మ జబ్బు ఈటీనా, మైలోఫైబ్రోసిసా? రెండు రిపోర్టుల్లో రెండు పేర్లు

మున్నేటి ఒడ్డు:
రాత్రి ఎనిమిదింటికి కూర్చున్నాను, ఇప్పుడు ఒంటిగంట. ఏమీ తేలట్లేదు. అమ్మకి ప్లేట్‌లెట్స్ 9 లక్షలు. నాలుగేళ్ల కింద ఒక ఆసుపత్రిలో ఎసెన్షియల్ థ్రాంబోసైథీమియా (ఈటీ) అని రాశారు. పోయిన నెల ఇంకో చోట చూపిస్తే ప్రీఫైబ్రోటిక్ మైలోఫైబ్రోసిస్ (మూలుగ పీచుబారే జబ్బులో తొలి దశ) కావచ్చన్నారు. జాక్ టూ అనే జీన్ మార్పు మాత్రం రెండు చోట్లా పాజిటివే. జీన్ ఒకటే అయినప్పుడు జబ్బులు రెండెట్లా అవుతాయి? ఇన్సూరెన్స్ ఫారంలో జబ్బు పేరు, కోడ్ అడిగారు, పక్కన ‘క్యాన్సరా? అవును/కాదు’ అని గడి. టెస్టులన్నీ అయిపోయాయి. ఏది రాయాలో ఒక్క మాట చెప్పండి.

స్లైడు బల్ల:
అన్నీ అంటే ఏవి? మూలుగలోంచి ముక్క తీశారా, సూదితో ద్రవం మాత్రమే లాగారా?

పాత పాఠం:
బాబూ, పేరు గురించి అడిగావు కాబట్టి చెబుతాను. 1951లో డామషెక్ అనే అమెరికా వైద్యుడు ఈ జబ్బులన్నీ ఒక కుదురువే అన్నాడు. ఎర్రకణాలు పెరిగే పాలిసైథీమియా, ప్లేట్‌లెట్లు పెరిగే ఈటీ, మూలుగ పీచుబారే మైలోఫైబ్రోసిస్, వీటితోపాటు సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్. 1960లో సీఎంఎల్ రోగుల్లో ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అనే తేడా క్రోమోజోమ్ బయటపడ్డాక సీఎంఎల్ దారి వేరైంది. మిగతా మూడూ కలిసే ఉన్నాయి. వీటిని ‘డిసీజ్’ అనేవారు, 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘నియోప్లాజం’, అంటే కణితి, అని మార్చింది. ఆ ఒక్క మాట మారడంతో ఎన్ని ఇళ్లల్లో నిద్ర పోయిందో! పదిహేనేళ్లు మామూలుగా బతికిన మనిషికి ఒక్కసారిగా ‘క్యాన్సర్’ అని చెప్పడం నాకు ఇప్పటికీ బాధే.

ఫైలు నంబరు:
బాధ సరే సార్, ఫారం నింపాలి కదా. జబ్బులకి కోడ్లు ఇచ్చే పుస్తకం ఐసీడీ 10లో ఈటీ డి 47.3. పాలిసైథీమియా డి 45. మామూలుగా క్యాన్సర్లకి ‘సి’ అక్షరం ఉంటుంది. ‘డి’ ఉంది కాబట్టి ‘కాదు’ అని టిక్ పెట్టండి.

స్లైడు బల్ల:
తప్పు. అక్షరం చూసి టిక్ పెట్టకండి.

ఫైలు నంబరు:
తప్పెలా అవుతుందండీ? పుస్తకంలో ఉన్నదే చెప్పాను.

స్లైడు బల్ల:
ఐసీడీ 10లో ఆ ‘డి’ భాగం పేరు ‘స్వభావం తేలనివి’. కాన్సర్ రిజిస్ట్రీలు వాడే ఐసీడీ ఓ వేరు. అందులో 2000 నాటి మూడో కూర్పు నుంచి ఈటీ, పాలిసైథీమియా రెండింటికీ ప్రాణాంతక కణితుల అంకె, 3, వేశారు. రెండు పుస్తకాలు రెండు రకాలుగా చెబుతున్నాయి. పాలసీ కాగితంలో క్యాన్సర్‌కి ఏం నిర్వచనం రాశారో అదే చూడాలి.

పాత పాఠం:
ఇదే నేను అన్నది. మాట ఒకటి, పుస్తకాలు రెండు.

మున్నేటి ఒడ్డు:
దయచేసి గొడవ పడకండి. స్లైడు బల్ల గారూ, మొదటిసారి సూదితో లాగితే ఏమీ రాలేదన్నారు. ‘డ్రై ట్యాప్’ అని రాసుంది. టెస్ట్ ఫెయిలైందని ఆ కాగితం పక్కన పడేశాను. అమ్మ హిమోగ్లోబిన్ 9.8, ఐరన్ మాత్రలు వాడుతోంది. స్కాన్‌లో ప్లీహం 15 సెంటీమీటర్లు. ఇవన్నీ అవసరమని నాకు తెలియదు.

స్లైడు బల్ల:
ఇవే అవసరం తమ్ముడూ! డ్రై ట్యాప్ అంటే ఫెయిలవడమే కానక్కర్లేదు. మూలుగలో పీచు పట్టినప్పుడు సూదికి ద్రవం రాకపోవచ్చు. అందుకే ముక్క కావాలి.

నీ ప్రశ్నకి వస్తా. జాక్ టూ మార్పు 2005లో కనిపెట్టారు. పాలిసైథీమియాలో దాదాపు అందరికీ ఉంటుంది, ఈటీలో, మైలోఫైబ్రోసిస్‌లో సగం మందికి పైనే. జీన్ ‘ఈ ఇంటి మనిషే’ అని చెబుతుంది, ఏ గది మనిషో చెప్పదు. అది చెప్పేది మైక్రోస్కోపే. ఈటీలో ప్లేట్‌లెట్లు పుట్టించే పెద్ద కణాలు విడివిడిగా, కొమ్ములు విరిసిన కేంద్రకాలతో ఉంటాయి. ప్రీఫైబ్రోటిక్‌లో ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని గుంపులుగా, కేంద్రకాలు మబ్బు ముద్దల్లా ఉంటాయి. రక్తం తగ్గడం, ప్లీహం పెరగడం, తెల్లకణాలు 11 వేలు దాటడం, రక్తపరీక్షలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ పెరగడం రెండోదాని వైపు మొగ్గు చూపుతాయి. కొత్త రిపోర్టులో రెటిక్యులిన్ గ్రేడ్, అంటే మూలుగలో పీచు ఎంత పట్టిందో చెప్పే అంకె, ఎంత?

మున్నేటి ఒడ్డు:
1 అని ఉంది. ముక్క తీశారు.

స్లైడు బల్ల:
ప్రీఫైబ్రోటిక్‌కి 0 లేదా 1 సరిపోతుంది. 2, 3 అయితే ముదిరిన మైలోఫైబ్రోసిస్. ఈటీలో కూడా అరుదుగా 1 కనిపిస్తుంది, అందుకే ‘కావచ్చు’ అని రాసుంటారు. ఇలాంటి చోట అనుభవమున్న పాథాలజిస్టుల మధ్య కూడా తేడా వస్తుంది. స్లైడ్లు, మూలుగ ముక్కని దాచిన మైనం బ్లాకు అడిగి తీసుకుని నిమ్స్‌కో వెల్లూరు సీఎంసీకో పంపి రెండో అభిప్రాయం అడగండి. మళ్లీ పొడిపించుకోనక్కర్లేకపోవచ్చు.

ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ టెస్ట్ చేశారా?

వంటింటి డాక్టరమ్మ:
ఐరన్ తక్కువైతే ఊరికే కూడా ప్లేట్‌లెట్లు పెరుగుతాయి కదా? ముందు ఆకుకూరలు పెట్టి చూడండి.

స్లైడు బల్ల:
జాక్ టూ పాజిటివ్ ఉన్నాక అదొక్కటే కారణం అనుకోకూడదమ్మా. పైగా ఐరన్ లోపం వెనక పాలిసైథీమియా దాగి ఉండొచ్చు. ఇనుము అందగానే హిమోగ్లోబిన్ ఎగిరి పడుతుంది. డాక్టర్‌కి చెప్పకుండా మోతాదు పెంచొద్దు.

ఫైలు నంబరు:
ఫారంలో మీరు సొంతంగా పేరు రాయకండి. ఆఖరి సమ్మరీలో డాక్టర్ రాసిన మాటే, ‘కావచ్చు’తో సహా, దించండి. గడి విషయం ఆయన చేతే సంతకం పెట్టించుకోండి. నా ముందు జవాబు వెనక్కి తీసుకుంటున్నాను.

పాత పాఠం:
‘మూలుగ’ అనే మాట వాడినందుకు సంతోషం. అందరూ బోన్ మ్యారో అంటున్నారు.

మున్నేటి ఒడ్డు:
ఫెరిటిన్ చేయలేదట, ఇప్పుడే అమ్మని అడిగాను. రేపు పొద్దున బ్లాకు కోసం వెళ్తున్నా. థాంక్సండీ.