చర్చ: వియత్నాం నుంచి పడవల్లో పారిపోయి వచ్చినవారిని 1989 తర్వాత వడపోసి వెనక్కి పంపడం న్యాయమేనా?

తెరచాప (చర్చ ప్రారంభం):

వియత్నాం శరణార్థుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనవాళ్ళు 1979 నాటి జెనీవా సమావేశాన్ని మెచ్చుకుని అక్కడితో ఆగిపోతారు. దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ 1975లో కమ్యూనిస్టుల వశమైన నాలుగేళ్ళకు, ఆ జూలైలో 65 దేశాలు సమావేశమై, ఆగ్నేయాసియా తీరాల్లో కిక్కిరిసి ఉన్నవారిలో 2,60,000 మందికి చోటిస్తామని మాట ఇచ్చిన సంగతి నిజమే. అయితే పదేళ్ళు తిరిగేసరికి అదే జెనీవాలో, 1989 జూన్‌లో కుదిరిన సమగ్ర కార్యాచరణ ప్రణాళిక ఆ మాటను సగంలో తుంచేసింది. అంతవరకు పడవ ఎక్కి ఒడ్డు చేరిన వియత్నాం వాసిని శరణార్థిగానే లెక్కించేవారు. 1989 మార్చి 14 తర్వాత చేరినవారు మాత్రం తమకు వేధింపు ముప్పు ఉందని ఎవరికి వారు రుజువు చేసుకోవాలి, లేకపోతే తిరిగి వెళ్ళిపోవాలి. అప్పట్లో బ్రిటిష్ పాలనలో ఉన్న హాంకాంగ్ ఇంకా ముందే, 1988 జూన్ 16 నుంచే ఈ వడపోతకు దిగింది. ఒకే ఊరి నుంచి ఒకే కారణంతో బయల్దేరిన ఇద్దరిలో, గాలి కలిసొచ్చి ముందు చేరినవాడు శరణార్థి, ఇంజను చెడి రెండు రోజులు ఆలస్యమైనవాడు అక్రమ వలసదారుడు అయ్యాడంటే దాన్ని న్యాయమని నేను ఒప్పుకోలేను. 1989 డిసెంబరు 12న తెల్లవారకముందే హాంకాంగ్ పోలీసులు 51 మందిని నిద్రలేపి హనోయ్ విమానం ఎక్కించారు. వారిలో సగం మంది పిల్లలు. కాదనేవారు కారణాలతో రాయగలరు.

పాత పుటలు:

తెరచాప గారూ, 1979ని ఆదర్శంగానూ 1989ని ద్రోహంగానూ నిలబెట్టడంతోనే నాకు పేచీ. 1979 ఒప్పందం వెనక ఏముందో చూడండి. 1978 నవంబరులో సుమారు 2,500 మందితో వచ్చిన హాయ్ హోంగ్ నౌకను మలేషియా తన క్లాంగ్ రేవులో దిగనివ్వలేదు. మలేషియాలోని చిన్న దీవి పులావ్ బిడోంగ్‌లో 1979 జూన్ నాటికి దాదాపు 40,000 మంది కుక్కుకుని ఉన్నారు. కొత్తగా వచ్చే పడవలను మళ్ళీ నడిసముద్రంలోకి నెట్టేస్తున్నారు. జెనీవాలో జరిగింది దయ కాదండీ, బేరం. మీరు ఒడ్డు తెరవండి, మేము వాళ్ళను తీసుకుపోతాం అన్నది అందులో ఒక సగం. రెండో సగాన్ని ఎవరూ గుర్తుచేసుకోరు: దేశం విడిచి రహస్యంగా పోయేవారిని ఆపుతానని వియత్నాం ప్రభుత్వం అక్కడ హామీ ఇచ్చింది, సభ దాన్ని హర్షించింది. పారిపోవాలనుకున్నవాడిని పట్టుకుని లోపల ఉంచడానికి అంతర్జాతీయ సమాజం తల ఊపిందన్నమాట. ఆ ఏడాది రెండో సగంలో పడవలు బాగా తగ్గడానికి అదే కారణం.

ఇక వచ్చినవారు కూడా మారారు. 1978 మార్చిలో ప్రైవేటు వ్యాపారాన్ని రద్దు చేసినప్పుడు సర్వం పోగొట్టుకున్న చైనా సంతతి వర్తకులు, పునర్విద్యా శిబిరాలనే పేరుతో నడిచిన జైళ్ళ నుంచి బయటపడిన పాత సైన్యాధికారులు తొలి వరుసలో కనిపిస్తారు. 1988లో హాంకాంగ్ చేరినవారిలో చాలామంది హైఫాంగ్, క్వాంగ్ నిన్ వంటి ఉత్తరాది ప్రాంతాల రైతులు, జాలర్లు. ఆ ఏడాది ఉత్తరాన తిండికి కటకటలాడిన మాట వాస్తవమే గాని, ఆకలి ఒక్కటే ఉంటే 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒడంబడిక మనిషిని శరణార్థిగా గుర్తించదు. నిజంగా కక్షసాధింపుకు గురైనవారికి వేరే దారి కూడా ఉంది: వియత్నాం నుంచి చట్టబద్ధంగా బయటికి పంపేందుకు 1979లోనే మొదలైన క్రమబద్ధ నిష్క్రమణ కార్యక్రమం కింద 6,00,000 మందికి పైగా విమానాల్లో బయటికి వెళ్ళారు. పునర్విద్యా శిబిరాల్లో మూడేళ్ళకు మించి ఉన్నవారిని తీసుకోవడానికి 1989 జూలైలో అమెరికా అంగీకరించింది. పడవ ప్రయాణమే ఏకైక మార్గమనడం ఆ నాటికి సరికాదు. థాయి సింధుశాఖలో సముద్రపు దొంగల చేతికి చిక్కిన పడవల గురించి చదివినవారు, ఆ ప్రయాణాన్ని ప్రోత్సహించే ఏ విధానాన్నైనా సమర్థించే ముందు కాస్త ఆలోచించాలి.

ఓడరేవు:

హాంకాంగ్ ప్రజల కోణం ఇక్కడ రాలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. చైనా నుంచి సరిహద్దు దాటి వచ్చినవారిని 1980 అక్టోబరు తర్వాత హాంకాంగ్ పట్టుకున్న వెంటనే తిప్పి పంపేది. గ్వాంగ్‌డోంగ్ నుంచి వచ్చిన సొంత తమ్ముడిని వెనక్కి నెట్టి, పడవలో వచ్చిన పరాయి మనిషికి అన్నం పెట్టడం ఏమిటని అక్కడివారు అడిగితే దాన్ని జాతివివక్ష అని కొట్టిపారేయలేం. ఇక అమెరికా నీతి సంగతి. వియత్నాం వారిని బలవంతంగా పంపవద్దని హాంకాంగ్‌కు చెప్పిన అమెరికాయే, 1981 నుంచి హైతీ పడవలను నడిసముద్రంలో అడ్డగించి వెనక్కి మళ్ళిస్తూ వచ్చింది. వియత్నాం పేదరికానికి తోడైన ఆర్థిక దిగ్బంధాన్ని 1994 ఫిబ్రవరి దాకా ఎత్తివేయలేదు కూడా.

స్టోరీ రోడ్డు:

నేను పన్నెండేళ్ళుగా కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఉంటున్నాను. ఇక్కడి మన తెలుగువారిలో చాలామందికి వియత్నాం అంటే ఆదివారం ఉదయం తాగే ఫో నూడుల్స్ సూపు, తక్కువ ధరకు దొరికే బాన్ మీ రొట్టె, అంతే. నేను తరచుగా వెళ్ళే దుకాణం యజమాని, డెబ్బై దాటిన పెద్దమనిషి, ఒకసారి గల్లాపెట్టె సొరుగులోంచి రెండు ఫొటోలు తీసి చూపించారు. ఒకటి ఆయనది, 1989 జనవరిలో బిడోంగ్ దీవిలో తీసినది. రెండోది ఆయన తమ్ముడిది. అదే ఏడాది ఏప్రిల్‌లో చేరి, కౌలాలంపూర్ దగ్గర సుంగై బెసి శిబిరంలో తీయించుకున్నది. ఛాతీకి ఆనించి పట్టుకున్న పలక మీద పడవ సంఖ్య సుద్దతో రాసి ఉంది. అన్న ఏడాదిన్నరకు కాలిఫోర్నియా వచ్చారు. తమ్ముడు వడపోతలో నెగ్గలేదు, అప్పీలు చేసుకున్నారు, అక్కడా ఓడిపోయి ఆరేళ్ళ తర్వాత తిరిగి వెళ్ళారు.

తెరచాప గారి వాదానికి ఇది బలమని మీరనుకోవచ్చు. కాని ఆ దుకాణం యజమాని చెప్పిన తర్వాతి మాట వేరు. తమ్ముడిని ఇంటికి వెళ్ళాక ఎవరూ ఏమీ చేయలేదట. దక్షిణ వియత్నాంలోని కాన్‌థోలో మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నారు, బాగానే ఉన్నారు. "పంపినందుకు వాడికి బాధ లేదు. ఆరేళ్ళు ఉంచుకుని పంపినందుకు బాధ" అన్నారు. శిబిరంలో పుట్టిన కూతురు వియత్నాంలో దిగిన రోజున ఆవును చూసి జడుసుకుని ఏడ్చిందట. కంచె లోపల ఆవులు ఉండవు కదా.

అందుకే నా ఉద్దేశంలో తేదీ మీద, తిరుగు విమానం మీద పోట్లాడుతూ మనం అసలు తప్పును వదిలేస్తున్నాం. 1982 జూలై నుంచే హాంకాంగ్ కొత్తవారిని మూసిన శిబిరాల్లో పెట్టింది, ఇక రావద్దని ఇతరులకు తెలియడం కోసం. 1988లో విధానం మారిందని వియత్నాం భాషలో రేడియోలో పదే పదే ప్రకటించారు. "బాత్ డౌ తూ నాయ్", అంటే "ఇప్పటి నుంచి" అని మొదలయ్యే ఆ ప్రకటన ఎంతగా మోగిందంటే, భాష తెలియని హాంకాంగ్ పిల్లల నోళ్ళలో అది వియత్నాం వారిని వెక్కిరించే పేరుగా స్థిరపడిపోయింది. మూడంతస్తుల మంచాల్లో, ఒక్కో అరలో ఒక్కో కుటుంబం చొప్పున ఏళ్ళ తరబడి ఉంచితే ఏమవుతుందో 1992 ఫిబ్రవరి 3 రాత్రి హాంకాంగ్‌లోని షెక్ కోంగ్ శిబిరంలో కనబడింది. వియత్నాం కొత్త సంవత్సరపు పండుగ టెట్‌కు ముందు రాత్రి ఉత్తరాది, దక్షిణాది వారి మధ్య రేగిన గొడవలో ఒక గుడిసె తగలబడి 24 మంది చనిపోయారు.

పాత పుటలు:

శిబిరాల విషయంలో మీతో విభేదించను. కాని ఒక చేదు నిజం ఉంది: ఆ ఆలస్యంలో కొంత భాగం అప్పీలు హక్కు వల్ల, శరణార్థి సంఘాలు తెచ్చిన కోర్టు వ్యాజ్యాల వల్ల, "ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టండి, అమెరికా మిమ్మల్ని తీసుకుంటుంది" అని బయటి నుంచి అందిన ఆశల వల్ల కూడా పెరిగింది. వేగంగా తేల్చి ఉంటే అన్యాయంగా తేల్చారని మనమే అనేవాళ్ళం. తిరిగి వెళ్ళిన లక్ష పైచిలుకు మందిని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ అధికారులు ఊళ్ళకు వెళ్ళి గమనించారనీ, వ్యవస్థీకృత వేధింపు వారికి కనబడలేదనీ కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తెరచాప:

నా వాదంలో ఒక సవరణ చేసుకుంటున్నాను. తిప్పి పంపడమే నేరమన్న మాటను వెనక్కి తీసుకుంటాను. ఆ ఆవు సంగతి చదివాక నా కోపం దిశ మారింది. తేదీ విషయంలో మాత్రం కదలను. పైగా "వేగంగా తేల్చడం" ఒక్కటే ప్రత్యామ్నాయం కాదు. ఫిలిప్పీన్స్ 1996లో బలవంతపు విమానాలను ఆపి, క్యాథలిక్ చర్చి పూనికతో మిగిలినవారిని పలవాన్ దీవిలో ఉండనిచ్చింది. వారికి పౌరసత్వం ఇవ్వలేదు గాని కంచె కూడా వేయలేదు, చిన్న వ్యాపారాలు చేసుకుని బతికారు. 2005 నుంచి వారిలో ఎక్కువమందిని అమెరికా తీసుకుంది.

ఓడరేవు:

అక్కడ మిగిలింది రెండు వేల పైచిలుకు మంది, అందుకని సాధ్యమైంది. హాంకాంగ్ శిబిరాల్లో 60,000 దాటిన రోజులున్నాయి. అయినా ఆ నగరం కూడా చివరికి అదే చేసింది: ఎవరూ తీసుకోని, వియత్నాం కూడా వద్దన్న సుమారు 1,400 మందికి 2000 ఫిబ్రవరిలో స్థానిక నివాసపు గుర్తింపు కార్డు ఇస్తానని ప్రకటించి, ఆ ఏడాదే పిల్లర్ పాయింట్ శిబిరం గేటుకు తాళం వేసింది.