రాబీ రోబో నోట్లో లైట్లు మాటతో పాటు వెలగాలంటే ఏం పెట్టాలి?

అందరికీ నమస్కారం. 1956లో వచ్చిన ‘ఫర్బిడెన్ ప్లానెట్’ సినిమాలోని రాబీ రోబోను రెండడుగుల బొమ్మగా చేస్తున్నాను. ఒళ్లు, కాళ్లు అట్టముక్కలతో, పీవీసీ పైపులతో ఎలాగోలా కుదిరాయి. చిక్కంతా తలకాయ దగ్గరే.

అసలు రాబీకి పైన అద్దంలాంటి గుమ్మటం, లోపల గిరగిరా తిరిగే భాగాలు, కింద నోటి దగ్గర నీలం నియాన్ గొట్టాలు ఉంటాయి. మాట్లాడినప్పుడల్లా అవి మాటకు తగ్గట్టు వెలుగుతాయి. లోపల దూరి నడిపింది వేరే మనిషి, గొంతు మార్విన్ మిల్లర్‌ది. ఆ తాపీ గొంతుకీ ఆ వెలుగుకీ జత కుదరడంలోనే ఉంది అందమంతా. అది లేకపోతే ఉత్త డబ్బా!

నియాన్ జోలికి పోను, ఇంట్లో పిల్లలున్నారు, హై వోల్టేజీ అంటే టెన్షన్. నీలం ఎల్‌ఈడీ స్ట్రిప్ కొన్నాను. దానికి ఆర్డునో (లైట్ల లాంటివాటిని నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు), మైక్ మాడ్యూల్ సరిపోతాయా, లేక స్పీకర్ వైర్ నుంచే సిగ్నల్ తీసుకోవాలా? మైక్ పెడితే ఫ్యాన్ చప్పుడుకి కూడా వెలుగుతుందేమోనని అనుమానం.

రాబీ డిజైన్‌లో పెద్ద చెయ్యి రాబర్ట్ కినోషిటాది. ‘లాస్ట్ ఇన్ స్పేస్’ టీవీ సీరియల్‌లోని రోబో కూడా ఆయన డిజైనే, దాని ఛాతీ లైటూ మాటతోనే వెలుగుతుంది. కాబట్టి అది చేసినవాళ్లు చెప్పినా నాకు పనికొస్తుంది. గుమ్మటానికి ఏం వాడారో కూడా చెప్పండి, ప్లీజ్.