బిజినెస్ సిస్టమ్స్ అనలిస్టు బాధ్యత రిక్వైర్‌మెంట్ పత్రంతో ముగుస్తుందా, డేటాబేస్ టేబుళ్ల దాకా వెళ్లాలా?

హైదరాబాద్ బీఎస్‌ఏ (చర్చ ప్రారంభం):

మా సంస్థలో బిజినెస్ సిస్టమ్స్ అనలిస్టు ఉద్యోగ బాధ్యతలను కొత్తగా రాస్తున్నారు. ముసాయిదాలో "డేటాబేస్ టేబుళ్లను చదివి, ఒక మార్పు ప్రభావం ఎక్కడెక్కడ పడుతుందో గుర్తించడం" అనే వాక్యాన్ని చేర్చడంతో బృందం రెండుగా చీలింది. వ్యాపార విభాగానికి ఏం కావాలో రాబట్టి, స్పష్టంగా రాసి, ఆమోదం తీసుకోవడంతో అనలిస్టు పని పూర్తవుతుందని, ఆపై అంతా సిస్టమ్ నిర్మాణాన్ని రూపొందించే ఆర్కిటెక్టు, డెవలపర్లదేనని ఒక వర్గం వాదిస్తోంది. కోరిన మార్పును ప్రస్తుత సిస్టమ్ ఎంతవరకు భరించగలదో చూడకుండా ఆమోదం తీసుకోవడం సరికాదని రెండో వర్గం అంటోంది. అనుభవమున్నవారు ఉదాహరణలతో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

రిటైల్ బిల్లింగ్:

వెళ్లి తీరాలన్నది నా అభిప్రాయం. జీఎస్టీ మండలి 2025 సెప్టెంబరు 3న జరిగిన 56వ సమావేశంలో శ్లాబులను కుదించి, చాలా వస్తువులను 5, 18 శాతాల కిందికి తెచ్చింది. అదే నెల 22 నుంచి అమలు కావడంతో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లను సరిచేసుకోవడానికి మూడు వారాల వ్యవధి కూడా దొరకలేదు. గృహోపకరణాలు అమ్మే ఒక సంస్థకు మా బృందం ఆ పని చేసింది. ఏసీలపై పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి, "జాబితాలోని వస్తువులకు 22వ తేదీ నుంచి కొత్త రేటు వర్తించాలి" అని పత్రంలో రాశారు. వ్యాపార విభాగం సంతకం చేసింది. డెవలపరు ఐటమ్ మాస్టర్‌లో, అంటే ప్రతి వస్తువు వివరాలు ఉండే టేబుల్‌లో, 28 తీసి 18 పెట్టారు. టెస్టరు కొత్త బిల్లులు వేసి, సరిగ్గానే వస్తున్నాయని ధ్రువీకరించారు.

ఆ తర్వాత, ఆగస్టులో అమ్మిన ఏసీ ఒకటి వాపసు వచ్చింది. దాని మూల ధర 40,000 రూపాయలు, పన్ను 11,200. కొన్న వ్యక్తి కట్టింది 51,200. సిస్టమ్ ఇచ్చిన క్రెడిట్ నోట్ (వాపసు సరుకుకు ఇచ్చే పత్రం) మాత్రం 47,200 రూపాయలకే వచ్చింది. క్రెడిట్ నోట్ ప్రోగ్రాం పాత బిల్లులోని రేటును చూడకుండా, ఐటమ్ మాస్టర్‌లో ఆ రోజున్న రేటును తీసుకోవడమే అందుకు కారణం. మాస్టర్ టేబుల్‌లో పన్ను రేటుకు ఒకే ఒక్క కాలమ్ ఉంది. ఆ రేటు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో చెప్పే కాలమ్‌లు లేవు. పాత అమ్మకానికి ఇచ్చే క్రెడిట్ నోట్‌లో పాత రేటే ఉండాలి. ఆ 4,000 రూపాయల తేడా చివరికి కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగి మెడకు చుట్టుకుంది. ఎవరి పని వారు చేసినా ఇలా జరిగిందంటే, మధ్యలో ఎవరిదీ కాకుండా పోయిన పని ఒకటుందన్నమాట. టేబుల్ తెరిచి చూసిన అనలిస్టు "పాత రేటు ఎక్కడ నిలుస్తుంది?" అని మొదటి రోజే అడిగి ఉండేవారు.

ఖాతాలు పన్నులు:

రిటైల్ బిల్లింగ్ గారి ఉదాహరణ బలమైనదే గాని, దాని నుంచి తీసిన ముగింపుతో నేను ఏకీభవించను. అక్కడ లోపించింది డేటాబేస్ జ్ఞానం కాదు, పన్ను చట్టంపై పట్టు. రేటు మారినప్పుడు సరఫరా తేదీ, ఇన్వాయిస్ తేదీ, చెల్లింపు తేదీలను కలిపి చూడాలని సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టంలోని 14వ సెక్షన్ చెబుతుంది. సరుకుల అడ్వాన్సుపై పన్ను కట్టనవసరం లేదన్న 2017 నాటి నోటిఫికేషన్‌ను కూడా దానితో కలిపి చదువుకోవాలి. ఆగస్టులో అడ్వాన్సు కట్టి, సెప్టెంబరు 25న ఏసీ, బిల్లు రెండూ అందుకున్న వ్యక్తికి 18 శాతమే వర్తిస్తుంది. కానీ బుకింగ్ రసీదుపై 28 శాతం లెక్కన మొత్తం ముద్రించి ఉంటే దుకాణం ఏం చెప్పాలి, మిగులును ఎలా తిరిగివ్వాలి? ఈ ప్రశ్న ఏ టేబుల్ తెరిచినా ఎదురుకాదు. అకౌంట్స్ విభాగంతో కూర్చుని వాపసులు, అడ్వాన్సులు, శాఖల మధ్య సరుకు బదిలీలు అంటూ ఒక్కొక్క సందర్భాన్నీ తవ్వి తీసే అనలిస్టుకే అది తడుతుంది. ఆ సమయాన్ని క్వెరీలకు, అంటే డేటాబేస్ నుంచి సమాచారం రాబట్టే ఆదేశాలకు, మళ్లించడం నష్టమే.

కొత్తగా చేరిన అనలిస్టు:

నాకు వేరే ఆందోళన ఉంది. బీకాం, ఎంబీఏ చదివి ఈ వృత్తిలోకి వచ్చే మాలాంటివారు చూసే ప్రకటనల్లో అనలిస్టే ఎస్‌క్యూఎల్ (క్వెరీలు రాసే భాష) రాయాలి, టెస్టింగ్ చేయాలి, ఏ పని ముందు చేయాలో నిర్ణయించే ప్రోడక్ట్ ఓనర్ లేనప్పుడు ఆ బాధ్యతా మోయాలి. చిన్న బృందాలు విడతలుగా పనిచేసే స్క్రమ్ పద్ధతికి 2020లో వచ్చిన గైడ్‌లో ప్రోడక్ట్ ఓనర్, స్క్రమ్ మాస్టర్, డెవలపర్లు తప్ప అనలిస్టుకు విడిగా పాత్ర లేదు. దాన్ని సాకుగా చూపి ఒకే జీతానికి మూడు పనులు అప్పగించే సంస్థలు ఉన్నాయి. ముసాయిదాలోని ఆ ఒక్క వాక్యం రేపు ఎక్కడిదాకా సాగుతుందో ఎవరు హామీ ఇస్తారు?

రిటైల్ బిల్లింగ్:

ఇద్దరి మాటల్లోనూ నేను కాదనలేనివి ఉన్నాయి. అయితే ఖాతాలు పన్నులు గారు చట్టాన్ని, టేబుల్‌ను వేరువేరు దారులుగా చూస్తున్నారు. క్రెడిట్ నోట్‌లో పాత రేటు ఉండాలని మా అకౌంట్స్ విభాగానికి తెలుసు. సిస్టమ్ ఆ రేటును పాత బిల్లు నుంచే తీసుకుంటుందని వారు అనుకున్నారు. అనుకున్నది నిజమో కాదో చూసేవారే లేకపోయారు. చూడడానికి కావలసింది ప్రోగ్రామింగ్ కాదు, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న లాగిన్, రెండు టేబుళ్లను కలిపి చూసే చిన్న క్వెరీ. రేటుకు తేదీల కాలమ్‌లు చేర్చాలా, బిల్లు నుంచే రేటు తీసుకోవాలా అన్నది ఆర్కిటెక్టు నిర్ణయం. అందులో అనలిస్టు వేలు పెట్టకూడదు. పరిష్కారాన్ని కూడా తానే రాసి, డెవలపరు చేతులు కట్టేసే అనలిస్టుల వల్ల జరిగే నష్టం తక్కువేమీ కాదు.

బిజినెస్ అనాలిసిస్ వృత్తికి ప్రామాణిక మార్గదర్శి అయిన బాబాక్ (BABOK) 2015 నాటి మూడో సంచికలో సైతం రిక్వైర్‌మెంట్లలో వచ్చే మార్పుల ప్రభావాన్ని అంచనా వేయడం అనలిస్టు పనుల్లో ఒకటిగా ఉంది. కాబట్టి ఇది కొత్తగా నెత్తిన పెట్టే బరువు కాదు. పని భారం గురించి కొత్తగా చేరిన సభ్యులు అడిగింది మాత్రం న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు బాధ్యతను తొలగించడం కాదు. ప్రభావ పరిశీలనకు ప్రణాళికలో విడిగా రోజులు కేటాయించడం.

ఖాతాలు పన్నులు:

చదవడానికే పరిమితమైతే నా అభ్యంతరం చాలావరకు తొలగినట్టే. అయితే ఎస్‌క్యూఎల్ రాదన్న కారణంతో పన్నుల్లో పదేళ్ల అనుభవమున్న వ్యక్తిని ఇంటర్వ్యూలోనే పక్కన పెట్టకూడదు. క్వెరీ చదవడం కొన్ని వారాల్లో నేర్పవచ్చు; దుకాణంలో వాపసులు ఎన్ని రకాలుగా వస్తాయో తెలియడానికి ఏళ్లు పడుతుంది. అర్హతల్లో దాన్ని తప్పనిసరి చేయకుండా, చేరాక సంస్థే నేర్పాలన్న షరతు ఉండాలి.

హైదరాబాద్ బీఎస్‌ఏ:

అందరికీ ధన్యవాదాలు. ముసాయిదా వాక్యాన్ని ఇలా మార్చమని ప్రతిపాదిస్తున్నాను: "చదివే అనుమతితో డేటాను పరిశీలించి, వ్యాపార విభాగం అనుకుంటున్నది, సిస్టమ్ చేస్తున్నది ఒకటేనా అని నిర్ధారించి, తేడాలను ఆమోదానికి ముందే లిఖితపూర్వకంగా తెలియజేయడం, పరిష్కార రూపకల్పన ఈ పాత్ర పరిధిలోకి రాదు." శిక్షణను సంస్థే ఇవ్వాలన్న షరతును కూడా చేరుస్తాను. అనలిస్టు తేడాను తెలియజేసిన తర్వాత కూడా, గడువు దగ్గరపడిందంటూ వ్యాపార విభాగం సంతకం చేస్తే బాధ్యులు ఎవరన్నది మాత్రం ఇంకా తేలలేదు. మీ సంస్థల్లో ఆమోద పత్రంలో దీనికి విడిగా గడి ఉంటే, అందులో ఎవరు సంతకం చేస్తారో తెలియజేయగలరు.